డొలీనా చెవి మిషను

ఈ దీవిలో ఆదివారం గాలికి తప్ప ఎవరికీ పని లేదు.
కొట్టు మూత. ఓడ రాదు.
బట్టలారేసే తీగలు కూడా ఖాళీగా ఊగుతాయి.

మా చర్చిలో నిలబడి ప్రార్థిస్తారు,
కూర్చుని కీర్తనలు పాడతారు.
మోకరించడం మా ఆచారం కాదు.
పదకొండేళ్ళుగా వేదిక మీద నుంచి నేను చూసినవన్నీ
నిటారు వెన్నులే, పీట్ పొగ చూరిన ఊలుకోట్లే,
ప్రసంగం మొదలవగానే బల్లచాటున
చేతి నుంచి చేతికి నడిచే పిప్పర్‌మెంటు బిళ్ళలే.

ఆ వారం చెప్పవలసింది పోయిన నాణెం కథ.
పదింట్లో ఒకటి జారవిడుచుకుని
దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చిన ఆవిడ కథ.
గొర్రె కథ ఇక్కడ చెప్పలేను.
తొంభైతొమ్మిదింటిని కొండకి వదిలేసి పోయేవాడు
అసలు కాపరేనా అని
పోయినేడు టోర్కిల్ గుమ్మంలోనే నిలదీశాడు.
అతనికి రెండొందల గొర్రెలు.
నాకు ఒక్కటీ లేదు,
కాపరి అన్న పేరు మాత్రం నాది.

శనివారం రాత్రి మూడు కాగితాలు రాశాను.
నమ్మకంతో కాదు, అలవాటు కొద్దీ.
చలి మొదలైన నాటి నుంచీ
నా ప్రార్థన పైకప్పు దాకా పోయి
చెమ్మలా మళ్ళీ నా మీదే కారుతోంది.
ఆయన పెడచెవిన పెట్టాడో
నాకే వినికిడి పోయిందో.
కెనీనాకి కూడా చెప్పలేదు.
కాపరి భార్యకి ఇలాంటివి ఎలా చెప్పడం?

రెండో కాగితం మధ్యలో ఉండగా
మూడో వరసలో డొలీనా లేచింది.
ఎనభైయేడేళ్ళది,
మగ్గం చప్పుడుకి చెవులప్పగించిన మనిషి.
"నా చెవి మిషను పడిపోయింది!" అంది,
తన గొంతు తనకి వినపడనివాళ్ళు అరిచినట్టు.

ముందు కుర్రాడు ఫిన్లే వంగాడు.
తర్వాత వాళ్ళమ్మ, ఆ తర్వాత వరసకి వరస.
టోర్కిల్ అరిగిన మోకాలు పట్టుకుని, మూలుగుతూ, దిగాడు.
కంచె తగువుతో ఆరేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు
ఒకే బల్ల కింద తలలు దూర్చారు.
ఒకడు ఫోను వెలుగు పట్టాడు,
రెండోవాడు తడిమాడు.

నేనూ మెట్లు దిగి నేల మీదకి వంగాను.
దుమ్ము. ఒక బొత్తాం. ఎప్పటిదో బూజు పట్టిన బిళ్ళ.
బల్ల అడుగున ఏ పిల్లాడో
ఏ దీర్ఘ ప్రసంగంలోనో చాకుతో చెక్కిన పడవ.
ఇన్నేళ్ళూ ఇది నా కాళ్ళ ముందే ఉంది.

తలెత్తి చూస్తే
చర్చి మొత్తంలో నిలబడి ఉన్నది డొలీనా ఒక్కతే.
ఎడమ చేతితొడుగు గుప్పిట మూసి ఉంది.
అందులోంచి సన్నటి ఈల,
అరచేతిలో నొక్కితే ఆ మిషన్లు అలాగే కూస్తాయి.
ఆవిడకి వినపడదు. నాకు వినపడింది.
ఆవిడ నన్ను చూసింది.
నేను మళ్ళీ వంగి వెతికాను.

గుమ్మం దగ్గర చేయి కలుపుతూ అడిగాను:
"ఎప్పుడు దొరికింది?"
"ఫిన్లే వంగినప్పుడే."
"మరి చెప్పలేదేం?"
మిషను చెవిలో సర్దుకుంటూ అంది:
"పుట్టినప్పటి నుంచీ ఆ కథ వింటున్నాను పాస్టరుగారూ,
చీపురు గురించి చెప్పారు, దీపం గురించి చెప్పారు.
అంతమంది వెతుకుతుంటే నాణేనికెలా ఉంటుందో
ఒక్కరూ చెప్పలేదు."

మూడో కాగితం చదవనే లేదు.
ఆ రాత్రి పెనుగాలికి కిటికీలు దడదడలాడుతుంటే
మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.
ఏమడగాలో తోచలేదు.
కెనీనా లేచి, "ఏం పోయింది?" అంది.
"ఇంకా తెలీదు" అన్నాను.
ఆమె ఇంకేం అడగలేదు.
దీపం వేసి, దుప్పటి పక్కకి నెట్టి,
తనూ నేల మీదకి దిగింది.